టేబుల్‌టాప్ ఆర్‌పీజీల్లో ఆయుధ పోరాటం నిజంలా ఉండాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రను పోషిస్తూ పాచికలతో ఆడే కథల ఆటలే టేబుల్‌టాప్ ఆర్‌పీజీలు. కత్తులు, కవచాలు, గాయాల గురించి ఆ ఆటలను నడిపే గేమ్ మాస్టర్లూ (జీఎంలు) ప్లేయర్లూ పదేపదే అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి చరిత్రలో జవాబు ఉంది, కొన్నింటికి పాచికల లెక్కలో ఉంది. మిగిలినవి నా అభిప్రాయాలు. వాటిని అభిప్రాయాలుగానే చెప్పాను.

"రియలిస్టిక్ కంబాట్" అంటే అసలు ఏమిటి?

ఈ మాటను జనం రెండు అర్థాల్లో వాడతారు, సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. మొదటిది ఫలితం నిజంలా ఉండటం. అంటే ఏ దెబ్బకు ఎంత గాయమవుతుంది, అది ఎన్నాళ్లకు మానుతుంది, ఎవరు బతికి బయటపడతారు అన్న సంగతి. రెండోది నిర్ణయం నిజంలా ఉండటం. బల్లెం పట్టుకున్నవాడి ఎదుట కత్తితో నిలబడ్డ మనిషి దేనికి భయపడతాడో, ఏ సందు కోసం చూస్తాడో, మీ ప్లేయర్ కూడా ఆ సమయానికి దాని గురించే ఆలోచించాలి.

నా మటుకు నాకు రెండోదే ముఖ్యం. దెబ్బ మోచేతికి తగిలిందా తొడకు తగిలిందా అని చెప్పే పట్టికలు ఎన్ని ఉన్నా, ప్లేయర్ ప్రతి టర్న్‌లో "కొడుతున్నా" అని పాచిక వేసి ఊరుకుంటే అందులో పోరాటం కనిపించదు. ఒక్క పట్టిక కూడా లేకుండా, "ఇప్పుడు ముందుకెళ్తే వాడి మొన నాకు తగులుతుంది, ఆగితే వాడి స్నేహితుడు వచ్చేస్తాడు" అని ప్లేయర్ తటపటాయిస్తే ఆ ఆట నిజానికి చాలా దగ్గరగా ఉన్నట్టే.

హిట్ పాయింట్లు అంటే ఒంట్లో రక్తమా? పది కత్తిపోట్లు తిన్న వీరుడు మామూలుగా ఎలా నడుస్తాడు?

హిట్ పాయింట్లంటే దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే అంకె, అది సున్నా అయితే పాత్ర పడిపోతుంది. దాన్ని రక్తం అనుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే ఆర్‌పీజీ 1974లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరైన డేవ్ ఆర్నెసన్ హిట్ పాయింట్ల ఆలోచనను నౌకా యుద్ధాల ఆట నుంచి తీసుకున్నారు. ఓడకు గుండు తగిలితే కొంత పాడవుతుంది, కానీ మునిగే దాకా పోరాడుతూనే ఉంటుంది. ఓడకు సరిపోయిన ఆ లెక్కే మనుషులకూ వచ్చింది. రెండో రూపకర్త గ్యారీ గైగాక్స్ 1979 నాటి గేమ్ మాస్టర్ పుస్తకంలో దీనికి వివరణ ఇచ్చారు. పెరిగే పాయింట్లలో శరీర దారుఢ్యం కొంతేననీ, మిగతాదంతా నేర్పు, అదృష్టం, దైవబలం వంటివనీ దాని సారాంశం.

ఆ వివరణను సీరియస్‌గా తీసుకుంటే ఆట వర్ణన మారిపోతుంది. ఎనభై పాయింట్లున్న క్యారెక్టర్‌కు తొమ్మిది పోతే "కత్తి నీ పొట్టలో దిగింది" అనకండి. "ఆఖరి క్షణంలో అడ్డుకున్నావు, మణికట్టు జివ్వుమంది, ఒక అడుగు వెనక్కి పడింది" అనండి. నిజమైన గాయాన్ని ఆఖరి పాయింట్ల కోసం దాచుకోండి. ఒక్క రూల్ మార్చకుండానే సగం ఇబ్బంది పోతుంది. కాకపోతే, విషం పూసిన బాణం "తగలకుండానే తగిలింది" అనాల్సి వచ్చినప్పుడు ఈ వివరణ తడబడుతుంది. వైద్య మంత్రాలు ఏం నయం చేస్తున్నాయన్న చిక్కు కూడా ఉండనే ఉంది. పాయింట్ల పద్ధతిలో ఈ అతుకులు పూర్తిగా పోవు.

ఒక రౌండ్ ఎంతసేపు ఉండాలి?

రౌండ్ అంటే అందరూ ఒక్కోసారి తమ వంతు (టర్న్) ఆడే విడత. పాత అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీలో రౌండ్ ఒక నిమిషం, బేసిక్ సెట్లలో పది సెకన్లు, 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచి ఆరు సెకన్లు. గర్ప్స్ అనే మరో ఆర్‌పీజీలో టర్న్ ఒక్క సెకను. ఇద్దరు ఖడ్గధారులు దూరంలోకి వచ్చాక తేలిపోవడానికి నిజంగా కొన్ని సెకన్లే పడుతుంది. దూరంలోకి రావడానికి ముందు మాత్రం చాలాసేపు తిరుగుతారు, ఆగుతారు, బెదిరిస్తారు. ఒక సెకను టర్న్ ఆ తేలిపోయే క్షణాన్ని బాగా పట్టుకుంటుంది. ఆ ముందటి నిరీక్షణ దానికి అందదు, ఎందుకంటే ప్రతి టర్న్‌లో ఏదో ఒకటి చేయాలని ప్లేయర్‌కు అనిపిస్తుంది. నిమిషం రౌండ్‌లో నిరీక్షణ ఇమిడిపోతుంది కానీ ఏ దెబ్బ ఎలా పడిందో తెలియదు. మీకు ఏది కావాలో మీరే తేల్చుకోవాలి.

మధ్యయుగపు కత్తులు నిజంగా అంత బరువా?

లేదు. రెండు చేతులతో పట్టగల లాంగ్‌స్వోర్డ్ సాధారణంగా కిలోంబావు, కిలోన్నర మధ్య ఉంటుంది. మనిషి భుజం దాకా వచ్చే పెద్ద యుద్ధఖడ్గాలు కూడా రెండు నుంచి మూడున్నర కిలోలే. సన్నగా కనిపించే రేపియర్ కత్తి కిలో పైమాటే, అంటే లాంగ్‌స్వోర్డ్ కంటే ఏమంత తేలిక కాదు. 1989 నాటి డీ అండ్ డీ రెండో ఎడిషన్‌లో రెండు చేతుల కత్తి బరువు పదిహేను పౌండ్లు, దాదాపు ఏడు కిలోలు. ఆ అంకె చూసి పెరిగిన తరం ఆ కత్తిని నెమ్మదైన ఆయుధంగా ఊహించుకుంది. ఐదో ఎడిషన్‌లో అది ఆరు పౌండ్లకు దిగింది, ఇది నమ్మదగిన బరువు.

కాబట్టి "బరువైన ఆయుధం, అందుకే ఇనిషియేటివ్‌లో (ఎవరు ముందు అనే వరసలో) ఆలస్యం" అనే సొంత రూల్ (హౌస్ రూల్) పెట్టకండి. పొడుగాటి ఆయుధమే ముందు తగులుతుంది.

బాకుకు డీ4, కత్తికి డీ8, పెద్ద కత్తికి 2డీ6. ఈ తేడాలో న్యాయం ఉందా?

డీ4 అంటే నాలుగు ముఖాల పాచిక, 2డీ6 అంటే ఆరు ముఖాల పాచికలు రెండు. దెబ్బకు ఎన్ని పాయింట్లు పోతాయో (డ్యామేజ్) అవి చెబుతాయి. 1974 నాటి మొదటి రూల్స్‌లో ఏ ఆయుధమైనా ఒక్క ఆరు ముఖాల పాచికే. ఆయుధానికో పాచిక 1975లో వచ్చిన అనుబంధ పుస్తకంతో మొదలైంది. చాలామంది మొదటి పద్ధతిని మోటు అనుకుంటారు. నిజానికి అందులో ఒక సత్యం ఉంది: బాకు గుండెలో దిగినా గొడ్డలి మెడ మీద పడినా ఫలితం ఒకటే. చంపగలగడంలో ఆయుధాల మధ్య తేడా తక్కువే. అసలు తేడా ఆ దెబ్బ వేసే అవకాశం దొరకడంలో ఉంటుంది, దాన్ని తేల్చేది దూరం.

బల్లెం, కత్తి ఎదురెదురుగా ఉన్నాయనుకోండి. ఐదో ఎడిషన్‌లో బల్లెం డీ6, కత్తి డీ8, రెండూ ఒకే దూరం నుంచి కొడతాయి, కాబట్టి కత్తిదే పైచేయి. మైదానంలో, డాలు లేకుండా, సమాన నేర్పున్న ఇద్దరిని నిలబెడితే బల్లెం ఉన్నవాడికే మొగ్గు ఉంటుంది. మొన రెండు మీటర్ల అవతల నుంచి గొంతు ఎదుట ఆడుతుంటుంది. ఒక చేతిని చిన్నగా తిప్పితే అది మోకాలి ఎదుటికి దిగుతుంది. కత్తి ఉన్నవాడు మొనను పక్కకు కొట్టి లోపలికి దూకాలి. మొన చప్పున వెనక్కి పోయి మళ్లీ వస్తే దూకినవాడు దాని మీదే పడతాడు. దాటి లోపలికి వచ్చాడంటే మాత్రం కథ తిరగబడుతుంది. కర్ర మధ్యలో పట్టుకుని నెట్టుకోవడమే బల్లెం వాడికి మిగులుతుంది.

దీన్ని టేబుల్ మీదకు తేవడం కష్టం కాదు. పొడుగాటి, మామూలు, దగ్గరి అని మూడు దూరాలు పెట్టండి. బల్లెం మొదటి దూరానిది, కత్తి రెండోదానిది, బాకు, కుస్తీ మూడోదానివి. ఒక దూరం లోపలికి రావాలంటే ఎదుటివాడు ముందుగా ఒక దాడి చేస్తాడు. అది తగలకపోతే వచ్చినట్టే. తన ఆయుధానికి తగని దూరంలో ఉన్నవాడు రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. ఇంత చిన్న రూల్‌తో డాలుకు విలువ వస్తుంది, బాకుకు పని దొరుకుతుంది, వెనకడుగు వేయడం కూడా ఒక ఎత్తు అవుతుంది. మీ ఆటలో ఒక్కటే మార్చగలిగితే ఇది మార్చమంటాను.

కవచం ఉంటే దెబ్బ తగలడం కష్టమవ్వాలా, లేక తగిలిన డ్యామేజ్ తగ్గాలా?

డీ అండ్ డీది మొదటి దారి. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ అనే ఆట రెండో దారి పట్టింది: దెబ్బ ఏ అవయవానికి తగిలిందో చూసి, అక్కడి కవచం విలువను డ్యామేజ్ నుంచి తీసేయాలి. దాని రూపకర్తల్లో ఒకరైన స్టీవ్ పెరిన్ మధ్యయుగ తరహా పోరాటాన్ని స్వయంగా సాధన చేసినవారు, ఆ ఆటలో అది తెలుస్తుంది.

తీసివేత పద్ధతి వినడానికి సహజంగా ఉంటుంది. లెక్కలోకి దిగితే ఒక ఇబ్బంది బయటపడుతుంది. కవచం ఐదు తగ్గిస్తుందనుకుందాం. కత్తి డీ8కి రెండు కలిపితే, ఎనిమిదిలో మూడుసార్లు డ్యామేజ్ సున్నా. బాకు డీ4కి రెండు కలిపితే నాలుగులో మూడుసార్లు సున్నా, మిగిలిన ఒక్కసారి ఒక్క పాయింట్. అంటే ఉక్కు కవచం ముందు బాకు దండగ. చరిత్రలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. కవచం వేసుకున్న యోధుడిని కిందపడేసి, శిరస్త్రాణం సందులోనో చంకలోనో బాకు దించడమే మామూలు ముగింపు. 1410 ప్రాంతానికి చెందిన ఇటలీ గురువు ఫియోరె దెయి లిబెరి గ్రంథంలో కవచధారులు కత్తి అలుగును మధ్యలో చేత్తో పట్టుకుని, దాన్ని పొట్టి బల్లెంలా వాడటం బొమ్మల్లో కనిపిస్తుంది. అదంతా సందు కోసం వెతుకులాటే.

అందుకని తీసివేత పద్ధతి పెట్టుకుంటే, "సందు చూసి పొడవడం" అనే ఎత్తు కూడా పెట్టండి: తగలడం బాగా కష్టం, తగిలితే కవచం లెక్కలోకి రాదు, ఎదుటివాడు కిందపడి ఉంటే ఆ కష్టం పోతుంది. ఇది లేకపోతే కవచధారిని ఎవరూ ఏమీ చేయలేరు, ఉంటే అతన్ని పడగొట్టడానికి అందరూ కలిసి ప్రయత్నిస్తారు.

పూర్తి ఉక్కు కవచంలో మనిషి కదలగలడా?

కదలగలడు. యుద్ధానికి వాడే పూర్తి కవచం ఇరవై కిలోల అటూఇటూ ఉంటుంది, ఆ బరువు ఒళ్లంతా పంచుకుంటుంది. పడితే లేవగలడు, పరిగెత్తగలడు, గుర్రం ఎక్కగలడు. అసలు శత్రువు అలసట. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇలాంటి కవచంతో నడవడానికి మామూలు కంటే రెట్టింపుకు మించి శక్తి ఖర్చవుతుందని తేలింది. కాళ్ల మీది బరువు, ఛాతీ నిండా ఊపిరి తీసుకోలేకపోవడం అందుకు కారణాలు. కాబట్టి కవచానికి వేగంలో శిక్ష వేయడం కంటే, పోరాటం సాగేకొద్దీ అలసట పెట్టడం సబబు.

విల్లుకు చురుకుదనం కావాలా, బలం కావాలా?

రెండూ కావాలి, యుద్ధపు విల్లుకైతే బలం ముందు. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌకను 1982లో పైకి తీశారు. అందులో దొరికిన విల్లులను లాగడానికి వంద నుంచి నూట ఎనభై పౌండ్ల దాకా బలం అవసరమని అంచనా. సన్నగా, నాజూగ్గా ఉండే విలుకాడు అనే బొమ్మ వీటితో కుదరదు. తగలడానికి చురుకుదనం, డ్యామేజ్‌కు బలం అని పెట్టుకుంటే సరిపోతుంది.

నేచురల్ 1 పడితే కత్తి జారిపోవాలని మా జీఎం అంటాడు. అది నిజంలా ఉంటుందా?

ఉండదు, ఈ రూల్‌ను తీసేయండి. ఇరవై ముఖాల పాచికలో ఒకటి పడే అవకాశం 5 శాతం. రౌండ్‌కు ఒక్క దాడి చేసే కొత్త సిపాయి ఇరవై రౌండ్లకోసారి కత్తి జారవిడుస్తాడు. నాలుగు దాడులు చేసే మహావీరుడికి ప్రతి రౌండ్‌లోనూ ఆ అవకాశం 18 శాతం దాటుతుంది. నేర్పు పెరిగేకొద్దీ తడబాటు పెరిగే రూల్ ఇది.

గాయపడితే మైనస్‌లు ఉండాలా?

నిజానికి దగ్గరగా ఉండాలంటే ఉండాలి, కానీ దాని ధర తెలుసుకుని పెట్టుకోండి. డీ20తో సగం అవకాశమున్న దాడికి మైనస్ నాలుగు వేస్తే అది 30 శాతానికి పడిపోతుంది. మొదటి దెబ్బ తిన్నవాడు తిరిగి కొట్టలేడు, మళ్లీ తింటాడు, ఇంకా దిగజారుతాడు. దీన్నే ప్లేయర్లు డెత్ స్పైరల్ అంటారు. పోరు మొదటి దెబ్బకే తేలిపోయి, మిగతా అరగంట అందరూ తెలిసిన ఫలితం కోసం పాచికలు వేస్తుంటారు.

మరో సంగతి. నిజమైన గాయం ఎప్పుడూ వెంటనే మైనస్ వేయదు. టెన్షన్‌లో, ఆవేశంలో మనిషికి గాయం తగిలిన సంగతే కాసేపు తెలియకపోవచ్చు. ప్రాణం పోయే పోటు తిన్నవాడు కూడా కొన్ని సెకన్లపాటు కత్తి తిప్పగలడు, పొడిచినవాడిని కూడా తీసుకుపోగలడు. విరిగిన ఎముక, తెగిన నరం మాత్రం ఆ చేతిని అప్పటికప్పుడే పనికిరాకుండా చేస్తాయి. అందుకే నేను మెచ్చే పద్ధతి ఇది: పోరాటం నడుస్తున్నంతసేపూ మైనస్‌లు వద్దు, పెద్ద గాయమైతే ఒక అవయవం పనిచేయదు అనండి. పోరు ముగిశాక అసలు బిల్లు ముట్టజెప్పండి. రక్తం ఆగిందా, పుండు చీము పట్టిందా, ఎన్ని వారాలు మంచం మీద ఉండాలి అన్న ప్రశ్నలు అప్పుడు రావాలి. 1986 నాటి హార్న్‌మాస్టర్ అనే ఆటలో హిట్ పాయింట్లే లేవు, గాయాలను ఒక్కొక్కటిగా రాసుకుంటూ అవి ఎలా మానుతున్నాయో చూడాలి. దాని బలం అక్కడే.

నిజంగా దెబ్బలు ఎక్కడ తగిలేవి?

ఎముకలు చెబుతాయి, అదీ ఒక్కో చోట ఒక్కోలా. స్వీడన్‌లోని విస్బీ దగ్గర 1361లో జరిగిన యుద్ధపు సామూహిక సమాధుల్లో కాళ్లకు తగిలిన దెబ్బలు చాలా ఎక్కువ. ఇంగ్లండ్‌లో 1461 నాటి టౌటన్ యుద్ధానికి చెందిన గోతి 1996లో బయటపడింది. అందులోని వారికి ఎక్కువగా తల మీదే దెబ్బలు, చాలామందికి ఒకటికి మించి. అదే గోతిలో ఒకరి దవడకు అంతకు చాలా ముందే తగిలి, మానిపోయిన లోతైన గాయం ఉంది. అంత దెబ్బ తిని బతికి, మళ్లీ యుద్ధానికి వచ్చాడు. కాబట్టి డీ20 వేసి అవయవం ఎంచుకునే పట్టిక అన్ని పోరాటాలకూ పనికిరాదు. డాలు ఉందా, శిరస్త్రాణం ఉందా, పారిపోతున్నాడా అన్నదాన్ని బట్టి దెబ్బ పడే చోటు మారుతుంది.

నిజంలాగే చావులు వస్తే క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే ఒకే కథ) నడుస్తుందా?

లెక్క చూడండి. మీ క్యారెక్టర్ ప్రతి పోరాటంలోనూ బతికే అవకాశం 90 శాతం అనుకుందాం. వినడానికి చాలా భద్రంగా ఉంది కదా? వరసగా ఏడు పోరాటాల తర్వాత బతికి ఉండే అవకాశం 48 శాతం. 95 శాతం అనుకున్నా, ఇరవై పోరాటాలకు మిగిలేది 36 శాతం. మామూలు క్యాంపెయిన్‌లో ఇరవై పోరాటాలంటే ఏ మూలకూ రావు.

ప్రాణాంతకమైన రూల్స్ పెట్టుకుంటే పోరాటాల సంఖ్య తగ్గాలి, అంతే. మాటలతో, డబ్బుతో, దొంగదారితో పని జరిగే అవకాశం ప్రతి సన్నివేశంలోనూ ఉండాలి. ప్రతి తలుపు వెనకా ఒక రాక్షసుణ్ణి పెట్టి, చావు మాత్రం నిజంలా రావాలనడం ప్లేయర్లకు అన్యాయం.

శత్రువులు చచ్చేదాకా ఎందుకు పోరాడతారు?

పోరాడకూడదు. ఇంత తేలికైన, ఇంత నిజమైన రూల్‌ను అందరూ వదిలేయడం నన్ను బాధపెడుతుంది. యుద్ధాలు ముగిసేది ఒక పక్క ధైర్యం చెదిరినప్పుడు. 1981 నాటి బేసిక్ డీ అండ్ డీలో ప్రతి జీవికీ ఒక మొరేల్ (ధైర్యం) అంకె ఉండేది. ముఠాలో మొదటివాడు పడినప్పుడు, మళ్లీ సగం మంది పడినప్పుడు రెండు ఆరు ముఖాల పాచికలు వేసి కలపాలి. ఆ అంకె కంటే ఎక్కువ పడితే పారిపోతారు లేదా లొంగిపోతారు. మొరేల్ ఏడు అయితే ప్రతి పరీక్షలోనూ చెదిరే అవకాశం 42 శాతం. రెండు పరీక్షలూ దాటి నిలబడేవి మూడో వంతు ముఠాలే. పోరాటం సగం సమయంలో ముగుస్తుంది. పైగా ఖైదీలను ఏం చేయాలి, పారిపోయినవాడు ఎవరికి కబురు చేస్తాడు అన్న కొత్త కథ మొదలవుతుంది.

నువ్వు ఒకటి, నేను ఒకటి అని వంతులవారీగా కొట్టుకోవడం కృతకంగా లేదూ?

ఉంది. 2002లో వచ్చిన ద రిడిల్ ఆఫ్ స్టీల్ అనే ఆట దీనికి ఒక అందమైన దారి చూపింది. ఇద్దరూ ఎరుపు పాచికో తెలుపు పాచికో గుప్పిట్లో దాచుకుని ఒకేసారి వేస్తారు. ఎరుపంటే దాడి, తెలుపంటే రక్షణ. ఇద్దరూ ఎరుపు వేస్తే ఇద్దరూ చావొచ్చు. గుప్పిట తెరిచే ముందు ప్లేయర్ మొహం చూస్తే, ఆ ఒక్క క్షణం ఖడ్గధారి మనసు అతని చేతిలో ఉందని అర్థమవుతుంది. గర్ప్స్‌లో దాడి తగిలాక ఎదుటివాడికి అడ్డుకునే పాచిక ఉంటుంది. నేర్పు 14 ఉన్నవాడు మూడు పాచికలతో 90 శాతం సార్లు తగిలేలా కొడతాడు, అంతే నేర్పున్నవాడు సగం సార్లు కత్తితో అడ్డుకుంటాడు. ఎదుటివాడి టర్న్‌లో కూడా చేతిలో పాచికలుండటం వల్ల ఎవరూ ఖాళీగా కూర్చోరు.

తుపాకుల సంగతి?

ఆటల్లో గురి మరీ తేలిక. న్యూయార్క్ పోలీసుల మీద ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1998 నుంచి 2006 దాకా ఎదురుకాల్పుల్లో వారి సగటు గురి 18 శాతమే. వాళ్లు శిక్షణ పొందినవాళ్లు. ఎవరూ తిరిగి కాల్చనప్పుడు అది 30 శాతం. తూటాకు డ్యామేజ్ పెంచడం కంటే, భయానికి రూల్ పెట్టడం ముఖ్యం: మీద కాల్పులు జరుగుతుంటే తల ఎత్తడానికే ఒక పరీక్ష ఉండాలి.

మా గ్రూపులో కత్తిసాము నేర్చుకున్నవాడు ఒకడున్నాడు. ప్రతి దాడికీ వాదన. ఏం చేయాలి?

అతని పరిజ్ఞానం మీకు వరం, ఆట మధ్యలో వాడితే మాత్రం అందరికీ విసుగు. సెషన్‌కు ముందు కూర్చోబెట్టి, "ఈ ఆయుధంతో నువ్వు దేనికి భయపడతావు?" అని అడగండి. ఆ జవాబుల నుంచే రూల్స్ రాసుకోండి. సెషన్ మొదలయ్యాక జీఎం మాటే చివరిది.

మేం డీ అండ్ డీ ఐదో ఎడిషన్ ఆడుతున్నాం, ఆట మార్చే ఉద్దేశం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొరేల్‌తో. దానికి ప్లేయర్ల షీట్లలో ఏమీ మార్చక్కర్లేదు, వచ్చే సెషన్‌లోనే పెట్టేయొచ్చు. అది అలవాటయ్యాక పైన చెప్పిన మూడు దూరాలు తెండి, మొదట ఒక ద్వంద్వయుద్ధంలో మాత్రమే. ఆరుగురు ఒకేసారి కొట్టుకునే గందరగోళంలో దూరాల లెక్క పట్టుకోవడం కత్తి మీద సామే. గాయాల రూల్‌ను చివరికి ఉంచుకోండి, దాన్ని ప్లేయర్లు ఒప్పుకున్నాకే పెట్టండి. సున్నా పాయింట్లకు పడి లేచిన ప్రతిసారీ ఒక గాయం, పూర్తిగా మానాలంటే కనీసం వారం విశ్రాంతి అంటే చాలు. బతికించే మంత్రాలు ప్రాణం నిలుపుతాయి కానీ ఈ గాయాన్ని మాన్పవని ముందే చెప్పండి, లేకపోతే వైద్యుడి పాత్ర ఆడేవారు తమను మోసం చేశారనుకుంటారు.